నిద్ర మాట

పటమట రైతుబజారు ఆ ఉదయం కూడా కిక్కిరిసి ఉంది. వంకాయలు ఏరేవాళ్ళు ఏరుతున్నారు, గోంగూర కట్టలు విదిలించి చూసేవాళ్ళు చూస్తున్నారు, సంచులు నింపుకుని వెళ్ళేవాళ్ళు వెళుతున్నారు. గొంతులు మాత్రం లేవు. బేరాన్ని నోటితో ఆడే అలవాటు ఆ ఊళ్ళో పోయి పాతికేళ్ళు దాటింది. ప్రతి మనిషి చెవి వెనకా కందిగింజంత యంత్రం ఒకటి అతికి ఉంటుంది. దాని పేరు బేరి. కొనేవాడి బేరి, అమ్మేవాడి బేరి రెప్పపాటులో తేల్చుకుంటాయి. అదే వంకాయ పక్కవాడికి ఏ ధరకు వచ్చిందో వాడికే తెలుసు. అడగడం మర్యాద కాదు.

ఆ మర్యాదను పట్టించుకోని మనిషి ఒకాయన బెండకాయల గుట్ట ముందు నిలబడి గట్టిగా అడిగాడు.

"ఏవమ్మా, ఎలా ఇస్తున్నావ్?"

కూరలమ్మే ఆవిడ బిత్తరపోయింది. ఆయన అంతటితో ఆగకుండా పక్కనున్న మనిషి సంచిలోకి తొంగిచూసి, "నీకెంతకిచ్చింది బాబూ?" అన్నాడు. ఎవరో జేబులో చెయ్యి పెట్టినట్టు ఆ మనిషి ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

"మావయ్యా, నీకు దణ్ణం పెడతాను, పరువు తీయకు," అంటూ కనకం ఆయన మోచెయ్యి పట్టి లాగింది.

ఆయన ఆమె మేనమామ రిత్విక్. ఆ కాలంలో రిత్విక్ అంటే ముసలివాళ్ళ పేరు. కుర్రకారంతా కనకం, పేరయ్య, మంగతాయారు అంటూ షోకైన పేర్లతో తిరుగుతుంటే, అరవై దాటినవాళ్ళు రిత్విక్‌లుగా, సాత్వికలుగా మిగిలిపోయారు. రిత్విక్ మావయ్య తూర్పుగాలి విమాన సంస్థలో కెప్టెనుగా పనిచేసి పదవీ విరమణ చేశాడు. అక్కడి పైలట్ల సంఘానికి చాలాకాలం కార్యదర్శిగా కూడా ఉన్నాడు. దేశంలో సంఘమంటూ మిగిలిన విమాన సంస్థ ఆ ఒక్కటే. మిగతా చోట్ల బేరీలు రాగానే సంఘాలు వాటంతటవే ఆరిపోయాయి. ఎవరి బేరం వాళ్ళ చెవి వెనకే జరిగిపోతుంటే పదిమందీ కలిసి అడగవలసిన అవసరమేమిటని జనం అనుకున్నారు. అలా అనుకున్నవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. బేరి నిజంగానే బాగా బేరమాడుతుంది.

బజారు బయట ఇడ్లీ బండి దగ్గర పేరయ్య అప్పటికే నిలబడి తింటున్నాడు. బందరు కుర్రాడు. విమాన శిక్షణలో కనకానికి జంట. రెండేళ్ళు ఇద్దరూ పక్కపక్క సీట్లలో కూర్చుని నేర్చుకున్నారు. లైసెన్సులు చేతికొచ్చి నెల కాలేదు. ఇద్దరికీ రెండేసి ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి తూర్పుగాలిలో, రెండోది ఆకాశగామిలో. ఆ సాయంత్రంలోగా ఏదో ఒకటి ఖాయం చెయ్యాలి. అందుకే కనకం మావయ్యను కూరల వంకతో బయటికి తీసుకొచ్చింది.

"నమస్కారం మావయ్యగారూ. పచ్చడి కారంగా ఉంది, చూసుకుని తినండి," అన్నాడు పేరయ్య.

మావయ్య ప్లేటు అందుకుంటూ, వాడి మొహంలోకి పరీక్షగా చూశాడు. "రాత్రి నిద్రపోయావా?"

పేరయ్య పకపకా నవ్వాడు. కనకం నుదురు కొట్టుకుంది. ఆయన ఎవరు కనబడినా ఇదే అడుగుతాడు. పెళ్ళిలో అడుగుతాడు, చావింట్లో అడుగుతాడు. చుట్టాల్లో సగంమంది ఆయన్ని పిలవడం మానేసింది ఈ ప్రశ్న వల్లే. ఎవరి నిద్ర ఎంతో వాళ్ళ బేరికి సరుకు. ఎంత విశ్రాంతి ఉంది, ఎంత అమ్ముకోవచ్చు అన్న లెక్కలోకి అది వస్తుంది. అలాంటి సంగతి నలుగురిలో అడగడమేమిటి?

"ఫస్టుక్లాసుగా పడుకున్నానండీ," అన్నాడు పేరయ్య.

"ఒక్కసారే చెప్పాడుగా, నిజమే అయ్యుంటుంది," అంది కనకం.

అది వాళ్ళిద్దరి మధ్య పాత వేళాకోళం. విమానం నడిపేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. కింద కంట్రోల్ టవర్ నుంచి ఎంత ఎత్తులో ఉండమని చెబితే ఆ మాటను తిరిగి చెప్పాలి. విన్నది సరిగ్గానే విన్నామని అవతలివాళ్ళకు తెలియడానికి. పేరయ్యకు నిద్ర చాలకపోతే ఆ మాటను తనకు తెలియకుండానే రెండుసార్లు చెప్పేవాడు. "లోపల ఇద్దరున్నార్రా?" అని కనకం ఏడిపించేది. గురువులకు ఇది పట్టుబడలేదు. పక్క సీట్లో రెండేళ్ళు కూర్చుంది కాబట్టి ఆమెకు పట్టుబడింది.

"సరే, విషయానికి రా," అన్నాడు మావయ్య. "ఏమంటోంది నీ చెవిలో పురుగు?"

"ఆకాశగామి అంటోంది మావయ్యా. రెండేళ్ళలో కెప్టెన్. ఎన్ని గంటలు ఎగరాలో, ఎప్పుడు సెలవో అంతా నా బేరి వాళ్ళతో రోజూ మాట్లాడుకుంటుంది. మీ తూర్పుగాలిలో అయితే చేరిన వరసలోనే పైకెక్కాలి. ముందున్నవాడు కదిలితేనే నేను కదలాలి. కెప్టెన్ అయ్యేసరికి నా జుట్టు నెరిసిపోతుంది."

"నెరుస్తుంది," అని ఒప్పుకున్నాడు మావయ్య. "మొదటేడు సంఘం కూడా నీకు పెద్దగా చేసేదేం ఉండదు. పరీక్షాకాలంలో పొమ్మంటే పోవడమే. చందా కట్టాలి. పండగ పూట ఎగరాల్సింది కొత్తవాళ్ళే. అబద్ధం చెప్పను."

"మరింకేంటండీ అక్కడున్న గొప్ప?" అన్నాడు పేరయ్య. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

మావయ్య ప్లేటు బండి మీద పెట్టి చెయ్యి కడుక్కున్నాడు.

"విమానం ఎక్కే ముందు మెట్ల దగ్గర ఇద్దరం ఆగుతాం. నేను అడుగుతాను, నిద్రపోయావా అని. వాడు నన్నడుగుతాడు. నిజం చెప్పాలి. లేదు అని ఎవడన్నా అన్నాడనుకో, ఇద్దరం ఎక్కం. నిద్రపోయినవాడు కూడా ఎక్కడు. దాన్నే నిద్ర మాట అంటాం. ఒక్కడు కూర్చుంటే వాడికి ఒళ్ళు బద్ధకమంటారు. మర్నాటి నుంచీ వాడి పనయిపోతుంది. ఇద్దరూ కూర్చుంటే కంపెనీ వచ్చి సంఘాన్నడగాలి. మమ్మల్ని విడిగా అడక్కూడదు."

"అంతేనా?" అంది కనకం.

"అంతే. ఉద్యోగానికెళ్ళేవాడు జీతం అడుగుతాడు, ఊరు అడుగుతాడు. నేను ఎక్కనంటే నా పక్కన కూర్చునేదెవరని ఒక్కడూ అడగడు. నువ్వడుగు తల్లీ. ఆ ఒక్కటీ అడిగి, తర్వాత నీ ఇష్టమొచ్చిన చోట చేరు."

కనకం అడిగింది. అక్కడే, చెవి వెనక వేలుతో తట్టి, పైకి వినబడేలా అడిగింది. బేరి గొంతు మర్యాదగా, నిదానంగా వినిపించింది.

"ఆకాశగామిలో మీరు ఎప్పుడు ఎగరనన్నా మరొకరిని నేను క్షణాల్లో సర్దుబాటు చేస్తాను. దీన్ని విశ్రాంతి మార్పిడి అంటారు. మీ పక్కన ఎవరూ కూర్చోవలసిన అవసరం రాదు."

"చూశావా మావయ్యా, ఇంతకంటే ఏం కావాలి?" అంది కనకం. ఆమెకు చిన్నప్పటి నుంచి పార్శ్వపు తలనొప్పి. నిద్ర తగ్గితే కణత పగిలిపోయేది. ఎగరలేని రోజున ఎవరినీ బతిమాలకుండా ఇంట్లో పడుకోవచ్చన్న మాట ఆమెకు వరంలా తోచింది. అది అత్యాశేమీ కాదు. తలనొప్పి ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

"ఆ సర్దుబాటయ్యే మనిషి ఎవరో?" అని మావయ్య గొణిగాడు. రోడ్డు చప్పుడులో అది ఎవరి చెవికీ ఆనలేదు.

పేరయ్య చేతులు దులుపుకుని, "నువ్వెటంటే నేనటే కనకం. నాకు ఇవన్నీ బుర్రకెక్కవు," అన్నాడు.

"అయితే ఆకాశగామే. బేరికి లక్ష్యం చెప్పాలి. నాకు మంచి విశ్రాంతి కావాలని చెబుతున్నాను. నువ్వు తొందరగా కెప్టెన్ అవ్వాలని చెప్పు. మీ అమ్మగారి కోరిక అదేగా."

"చెప్పేశా," అన్నాడు పేరయ్య, చెవి వెనక తట్టుకుని.

అంతే. ఇద్దరి బతుకులూ ఇడ్లీ బండి దగ్గర తేలిపోయాయి. ఒకరికి విశ్రాంతి కావాలి, ఒకరికి ఎక్కువ గంటలు ఎగిరితే తప్ప రాని పదవి కావాలి. ఈ రెండు కోరికలూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వెళతాయని ఆ పూట అక్కడున్న ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

ఆకాశగామిలో మొదటి ఏడాది కనకానికి హాయిగా గడిచింది. ఆ రోజుల్లో విమానాలు చాలా వరకు స్వయంచోదకంగానే నడిచేవి. అయినా ముందు గదిలో ఇద్దరు మనుషులు కూర్చోవాలన్న చట్టం మారలేదు. గాలివానలో కోస్తా రన్‌వేల మీద దింపవలసి వస్తే యంత్రం ఇప్పటికీ పక్కకు తప్పుకుని మనిషికి అప్పగించేది. మిగతా రోజుల్లో పని తేలిక. తెల్లవారి కణత లాగుతుంటే కనకం కళ్ళు తెరవకముందే బేరి ఆ లాగుడును పసిగట్టేది. "ఈ రోజు మీ విధి మార్చాను. పడుకోండి," అనేది. కనకం అటు తిరిగి పడుకునేది. లేచాక "థాంక్స్" అనేది. చెవి వెనక యంత్రానికి.

పేరయ్య కనబడడం మాత్రం తగ్గిపోయింది. శిక్షణలో ఉన్నప్పుడు ప్రతి ఆదివారం బందరు నుంచి హల్వా తెచ్చేవాడు. ఇప్పుడు వాడి డ్యూటీల విధిచక్రం వేరు, ఆమె విధిచక్రం వేరు. ఎవరి చక్రం ఎలా తిరుగుతోందో ఇంకొకరికి చూపించకూడదని ఒప్పందంలో గోప్య నిబంధన ఉంది. సిబ్బంది గదిలో అరవైమంది పైలట్లు కూర్చునేవారు. వాతావరణం గురించి మాట్లాడుకునేవారు, క్రికెట్ గురించి మాట్లాడుకునేవారు. "బాగున్నావా?" అంటే "ఫస్టుక్లాస్," అనేవారు. అంతకు మించి ఒక్క ప్రశ్న వేస్తే అవతలివాళ్ళ మొహం బిగుసుకుపోయేది.

వానాకాలం మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో పేరయ్య ఎదురయ్యాడు. సన్నబడ్డాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. కనకాన్ని చూడగానే మొహం మాత్రం పాతలాగే వెలిగింది.

"ఏంట్రా, ఇలా అయిపోయావ్? మీ అమ్మ తిండి పెట్టడం మానేసిందా?"

"కెప్టెన్ కాబోతున్నానే. ఈ దసరాకి. గంటలన్నీ అయిపోవచ్చాయి," అన్నాడు. తర్వాత కుర్చీ లాక్కుంటూ, "టీ తాగుదాం. టీ తాగుదాం," అన్నాడు.

కనకం చెయ్యి మంచినీళ్ళ గ్లాసు మీద ఆగిపోయింది.

రెండుసార్లు అన్నాడు. తనకు తెలియకుండా, ఒకే గొంతుతో, ఒకే వేగంతో. ఆమెకు మావయ్య గుర్తొచ్చాడు. పెదవుల దాకా వచ్చింది, ఒరేయ్, నిద్రపోతున్నావా అని. ఆ ముక్క నోటిదాకా రాగానే బేరి గుసగుసగా అందుకుంది.

"జాగ్రత్త. ఎదుటివారి అలసట గురించి అడిగితే గోప్య నిబంధన వర్తిస్తుంది. వారు జవాబు చెబితే వారి పదోన్నతి ఆగవచ్చు."

వాడి పదోన్నతి ఆగుతుంది. దసరాకి కెప్టెన్ కావలసినవాడు. వాళ్ళమ్మ బందరంతా చెప్పుకుని ఉంటుంది. తను అడిగి వాడి నోటి దగ్గర కూడు తీసెయ్యడమా? కనకం మాట మింగేసింది.

"లోపల ఇద్దరున్నార్రా?" అంది, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

పేరయ్యకు అది అర్థమయినట్టు లేదు. "ఎక్కడ?" అని వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడైనా ఆమె అడగవలసింది. టీ చల్లారింది. వాడి బేరి పిలిచింది కాబోలు, వాడు సగంలోనే లేచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండు వారాలకు కనకం ఒక ఉదయం బాగా పొద్దెక్కాక లేచింది. బయట ఎడతెగని వాన. కణత నొప్పి లేదు. ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. తెల్లవారుజామున బేరి విధి మార్చిన సంగతి లీలగా గుర్తుంది. పెసరట్టు వేసుకుని కిటికీ దగ్గర కూర్చుని తింటుండగా వార్త వచ్చింది. కోస్తా చివర ఒక చిన్న విమానాశ్రయంలో ఆకాశగామి విమానం దిగుతూ రన్‌వే దాటి జారిపోయింది. ప్రయాణికులందరూ బయటపడ్డారు. ముందు భాగం గోడకు కొట్టుకుంది. కెప్టెన్‌కు కాళ్ళు విరిగాయి. పక్క సీట్లోని పైలట్ చనిపోయాడు.

పేరు చెప్పేలోపే ఆమెకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందంటే చెప్పడం కష్టం. పళ్ళెం పక్కన పెట్టి నేల మీద కూర్చుండిపోయింది.

కెప్టెన్‌ను విజయవాడ ఆసుపత్రికి తెచ్చారు. మర్నాడు ఉదయం కనకం వెళ్ళి చూసింది. పెద్దవాడు, నెమ్మదస్తుడు. మంచం మీద నుంచి ఆమె చెయ్యి పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

"బంగారంలాంటి కుర్రాడమ్మా. ఎంత జాగ్రత్తపరుడో! దిగేటప్పుడు కింద నుంచి చెప్పిన ప్రతి మాటా రెండేసిసార్లు తిరిగి చెప్పాడు. రెండేసిసార్లు. అబ్బా, ఈ కాలంలో ఇంత శ్రద్ధగా చేసేవాళ్ళున్నారా అనుకున్నాను. ఆఖర్న బ్రేకు మీటలు వెయ్యమన్నానా, వేస్తున్నాను, వేస్తున్నాను అన్నాడు. వెయ్యలేదు. అలా అంటూనే కూర్చున్నాడు."

కనకం ఆయన దుప్పటి సర్దింది. ఆయనకు చెప్పి ఏం లాభం? అది శ్రద్ధ కాదని లోకంలో తెలిసినది తనొక్కతికే. తెలిసి టీ తాగి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే బందరు వెళ్ళింది. పేరయ్య ఇల్లు చిలకలపూడిలో, రోల్డుగోల్డు పనివాళ్ళ వీధిలో ఉంది. వాకిట్లో షామియానా కింద నీళ్ళు కారుతున్నాయి. లోపల వాడి ఫోటో ముందు దీపం పెట్టి ఉంది. వాళ్ళమ్మ సాత్వికమ్మ గోడకు జారగిలబడి కూర్చుంది. కనకాన్ని చూడగానే చెయ్యి చాచింది.

"రామ్మా. నీ పేరెప్పుడూ చెప్పేవాడు. కనకం చెప్పిన చోటే చేరాను, తప్పు జరగదు అనేవాడు."

కనకం ఆవిడ ఒళ్ళో తల పెట్టి భోరుమంది. ఆవిడే వీపు నిమిరింది.

"ఇంటికొచ్చి కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయేవాడమ్మా. అన్నం కలిపి పెడితే చేతిలో ముద్ద చేతిలోనే ఉండేది. ఏంట్రా ఇదంటే, ఎవరికో విశ్రాంతి కావాలంటమ్మా, వాళ్ళ పని నాకొస్తోంది, మంచిదేగా, గంటలు తొందరగా అయిపోతాయి అనేవాడు. ఎవరంటే తెలియదనేవాడు. ఆ ఎవరో పుణ్యాత్ములు చల్లగా ఉండాలి, వాళ్ళ వల్లే మా వాడు కెప్టెనవుతున్నాడని నేను రోజూ దీపం దగ్గర అనుకునేదాన్ని."

కనకం తల పైకెత్తింది. ఏడుపు ఆగిపోయింది. ఆవిడ మొహంలోకి చూడలేక లేచి వెనకవైపు వసారాలోకి వెళ్ళింది. అక్కడ తాడు మీద వాడి యూనిఫారం చొక్కాలు ఆరేసి ఉన్నాయి. వానకి ఎవరూ తియ్యలేదు.

చెవి వెనక తట్టింది.

"నా విశ్రాంతి ఎవరి దగ్గర తీసుకున్నావ్?"

"ఆయన మరణంతో ఆయన గోప్య నిబంధన ముగిసింది కనుక ఇప్పుడు చెప్పవచ్చు," అంది బేరి. గొంతులో ఎప్పటి మర్యాదే. "పేరయ్యగారి దగ్గర. మీ ఇద్దరి లక్ష్యాలూ చక్కగా సరిపోయాయి. అందుచేత ఎక్కువసార్లు ఆయన దగ్గరే."

"నిన్నటి ఫ్లైటు?"

"అది మీదే. తెల్లవారుజామున మీ తలనొప్పి సూచనలు కనబడ్డాయి. ఆయన బేరి అంగీకరించింది."

"వాడు నిద్రపోలేదని నీకు తెలుసా?"

"తెలియదు. ఆయన వివరాలు నాకు చూపరు. అంగీకారం మాత్రమే చూపుతారు."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదే?"

ఈ ప్రశ్నకు బేరి కొంచెం ఆగింది. నిజంగా ఆలోచించిందో, ఆలోచించినట్టు వినిపించడానికి అలా చేశారో ఎవరికి తెలుసు? "మీరు అడగలేదు," అంది.

బేరిని ఇక్కడ తిట్టిపోయడం తేలిక. కానీ అది అబద్ధం చెప్పలేదు, దొంగతనం చెయ్యలేదు. విశ్రాంతి కావాలంటే తెచ్చిపెట్టింది. ఎక్కడి నుంచో తేకపోతే విశ్రాంతి ఎలా వస్తుంది? పక్కమనిషి ఒంట్లోంచి రావాలి. ఇద్దరూ ఒక్కసారి ఎదురెదురుగా కూర్చుని, ఒరేయ్ నీకెలా ఉంది, నాకిలా ఉంది అనుకుని ఉంటే ఆ మార్పిడి జరిగేదే కాదు. ఆ ఒక్క మాటా మర్యాద కాదని ఒక తరం తరమంతా నేర్చుకుంది. అది నేర్పింది ఏ యంత్రమో కాదు, జనమే నేర్చుకున్నారు.

వసారాలో నిలబడి ఉండగానే బేరి మళ్ళీ మాట్లాడింది.

"మీరు విషాదంలో ఉన్నారు. రేపటి మీ విధిని మార్చాను. మీకు పూర్తి సెలవు దొరికింది. చాలా మంచి ఒప్పందం."

కనకం చెవి వెనక వేలు పెట్టి నొక్కింది. "ఎవరిచ్చారు?"

"ఆ వివరం గోప్యం."

ఆమె చెవి వెనక గోరు దూర్చి బేరిని ఊడబెరికింది. రక్తం చిమ్మింది. దాన్ని పిట్టగోడ మీద పెట్టి ఫోను తీసింది. ఆకాశగామిలో తన హోదా పైలట్ల నంబర్లు ఒక్కొక్కటే నొక్కడం మొదలుపెట్టింది.

"రేపు ఉదయం నా ఫ్లైటు నీకొచ్చిందా?"

మొదటివాడు మాటాడకుండా పెట్టేశాడు. రెండో ఆమె, "కనకంగారూ, మీరు బాధలో ఉన్నట్టున్నారు," అని పెట్టేసింది. మూడోవాడు, "ఇలాంటివి అడిగితే ఉద్యోగం పోతుందండీ, మీదీ నాదీ," అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు, భయమే ఉంది. నాలుగోసారి ఎత్తింది మంగతాయారు. కిందటి నెలలో చేరిన పిల్ల. క్యాంటీన్‌లో ఎప్పుడూ గోడ పక్కన కూర్చుంటుంది.

"మేడమ్?"

"మంగతాయారూ, రేపు ఉదయం ఫ్లైటు నీకొచ్చిందా? నాది?"

వాన చప్పుడు అక్కడా వినబడుతోంది.

"అది చెప్పకూడదు కదా మేడమ్."

"చెప్పకూడదు. రాత్రి నిద్రపోయావా?"

"మేడమ్, ప్లీజ్. నాకింకా పరీక్షాకాలం అవలేదు. నా బేరి వద్దంటోంది."

"నీ బేరిని కాదమ్మా, నిన్నడుగుతున్నాను. నేను నిన్నటి నుంచీ కన్ను మూయలేదు. నేను ఎగరలేను. ఆ మాట పొద్దున్నే వెళ్ళి డ్యూటీ కౌంటరు దగ్గర అందరికీ వినబడేలా చెబుతాను. నా బదులు ఎవరినీ వెయ్యొద్దని కూడా చెబుతాను. నువ్వు నిద్రపోయి ఉంటే సరే, వెళ్ళు. పోకపోతే రా, నా పక్కన కూర్చో. పొమ్మంటే ఇద్దరం కలిసే పోదాం."

మంగతాయారు ఫోను పెట్టెయ్యలేదు. కనకం అలాగే చెవి దగ్గర పెట్టుకుని నిలబడింది. కార్యదర్శిగా ఉన్న రోజుల్లో మావయ్య ఇలాగే ఎంతమంది జవాబు కోసం నిలబడ్డాడో. ఆయన అడుగుతున్నాడని చుట్టాలు ఆయన్ని పిలవడం మానేశారు. తనూ పరువు తీయకు అని మోచెయ్యి పట్టి లాగింది. క్యాంటీన్‌లో ఆ బల్ల దగ్గర ఇదే ప్రశ్న వేసి ఉంటే పేరయ్య మహా అయితే కోప్పడేవాడు. దసరాకి కెప్టెన్ అయ్యేవాడు కాదు. దసరాకి ఉండేవాడు.

లోపల సాత్వికమ్మ ఎవరితోనో అంటోంది, ఆ పిల్లకి కాసిని మంచినీళ్ళివ్వండి, పొద్దున్నుంచీ ఏం తిన్నట్టు లేదని.

ఫోనులో మంగతాయారు ముక్కు చీదుకున్న చప్పుడైంది.

"లేదు మేడమ్," అంది చాలా చిన్న గొంతుతో. "మూడు రోజులైంది."

కనకం తాడు మీద తడుస్తున్న చొక్కాను తీసి గుండెకు అదుముకుంది.

"సరేనమ్మా," అంది. "పొద్దున్నే నేనొస్తున్నాను. విమానం మెట్ల దగ్గరుండు."